రుచి, పేరు, వెల: క్రైస్తవ రాక్ సంగీతముపై, చవక మిఠాయిలపై సామాన్యుల తీర్పు

క్రైస్తవ రాక్ సంగీతమును గూర్చి అమెరికా దేశములో యాభై ఏళ్ళకు పైగా వ్రాతలు వస్తూనే ఉన్నాయి. వాటిలో అధిక భాగము బోధకులు వ్రాసినవి, లేదా పండితులు వ్రాసినవి. ఆ సంగీతమును డబ్బు పెట్టి కొన్నవారు, ఇంటికి తీసుకువెళ్ళి విన్నవారు ఏమన్నారు అన్న సంగతి మాత్రము ఆ వ్రాతలలో ఒక మూలకే పరిమితమైనది. ఈ వ్యాసములో మేము ఆ మూలను పరిశీలించదలచాము. దానికి తోడుగా, చదువరులకు మొదట విడ్డూరముగా తోచినా, చవక మిఠాయి బిళ్ళలను కూడా చేర్చుకొంటున్నాము. ఎందుకనగా అమెరికాలోని క్రైస్తవ పుస్తకశాలలలో ఈ రెండూ ఒకే కప్పు క్రింద అమ్ముడుపోయినవి. క్యాసెట్టు కొన్న చేయియే, డబ్బు చెల్లించే బల్ల దగ్గర సిలువ ముద్ర వేసి, చుట్టిన కాగితముపై వచనము అచ్చువేసిన 'టెస్టమింట్స్' అనే పుదీనా బిళ్ళల పొట్లమును కూడా అందుకొన్నది. చేయి ఒకటే అయినా ఆ రెంటిని గూర్చి నాలుక ఒకే విధముగా మాట్లాడలేదు. ఆ తేడాలో సంఘ కాపరులు ఆలోచించవలసిన విషయమొకటి ఉన్నదని మా అభిప్రాయము.

చరిత్ర వేదాంత విద్యార్థులకు తెలిసినదే గనుక క్లుప్తముగా చెప్పుకొందాము. లారీ నార్మన్ 1969లో క్యాపిటల్ సంస్థ ద్వారా వెలువరించిన ఆల్బమును తొలి క్రైస్తవ రాక్ ఆల్బముగా చాలామంది లెక్కిస్తారు. 1971లో కాలిఫోర్నియాలోని కాల్వరీ చాపెల్ సంఘము నుండి మారనాత సంగీత సంస్థ పుట్టినది. 1972లో డల్లాస్ పట్టణములో క్యాంపస్ క్రూసేడ్ వారు నిర్వహించిన 'ఎక్స్‌ప్లో' మహాసభలలో బిల్లీ గ్రాహం ప్రసంగించిన వేదిక నుండే గిటార్లు కూడా మ్రోగినవి. 1980ల దశకములో యెషయా 53:5లోని దెబ్బల ప్రస్తావన నుండి పేరు తీసుకొన్న స్ట్రైపర్ బృందము పసుపు, నలుపు చారల బట్టలు ధరించి, శ్రోతల మీదికి క్రొత్త నిబంధన ప్రతులను విసిరినది. 1991లో ఏమీ గ్రాంట్ ప్రేమగీతమొకటి బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానమునకు చేరినది. 1995లో డీసీ టాక్, జార్స్ ఆఫ్ క్లే బృందాల పాటలు సంఘపు గోడలు దాటి వినబడినవి.

దీనిని ఎదిరించినవారూ తక్కువవారు కారు. జిమ్మీ స్వాగర్ట్ 1987లో ఒక పుస్తకమే వ్రాసి, ఇది గొఱ్ఱె చర్మము కప్పుకొన్న తోడేలు అని తీర్పిచ్చాడు. వ్యంగ్యచిత్రాల కరపత్రములతో ప్రసిద్ధుడైన జాక్ చిక్ కూడా క్రైస్తవ రాక్‌ను సాతాను పన్నాగముగా చిత్రించాడు. సమర్థించినవారు సువార్త అన్న మాటను, ఖండించినవారు లోకము అన్న మాటను పట్టుకొని వాదించారు. 1999లో జే హోవర్డ్, జాన్ స్ట్రెక్ అనే ఇద్దరు పండితులు, రిచర్డ్ నీబూర్ 1951లో 'క్రీస్తు - సంస్కృతి' అనే గ్రంథములో చేసిన వర్గీకరణను ఆధారము చేసుకొని, ఈ సంగీతములో లోకమునుండి వేరుపడే ధోరణి, లోకములో కలసిపోయే ధోరణి, లోకమును మార్చజూచే ధోరణి అని మూడింటిని గుర్తించారు. ఇది ఎంతో ఉపయోగకరమైన పని. అయితే బోధకుడైనా పండితుడైనా అడిగిన ప్రశ్న ఒక్కటే: ఇది తగునా, తగదా? కొన్నవాడు అడిగిన ప్రశ్న వేరు: ఇది బాగున్నదా, లేదా? పెట్టిన డబ్బుకు తగినదేనా?

ఈ రెండవ ప్రశ్నను మనము ఆత్మీయత లేని ప్రశ్నగా త్రోసివేయడం అలవాటు. ఆ అలవాటు సరియైనది కాదని చూపడమే మా ఉద్దేశము.

కొన్నవాడు ఒకడు, తిన్నవాడు ఒకడు

1990లలో అమెరికాలోని క్రైస్తవ పుస్తకశాలల గోడల మీద ఒక పట్టిక వ్రేలాడుతూ ఉండేది. ఒకవైపు లోకసంబంధమైన బృందాల పేర్లు, వాటికి ఎదురుగా వాటిని పోలిన క్రైస్తవ బృందాల పేర్లు. మీ అబ్బాయికి ఫలానా బృందము ఇష్టమా, అయితే వారికి బదులు వీరిని వినిపించండి అన్నది దాని సారాంశము. విమర్శ దృష్టితో చూస్తే ఆ పట్టిక చిన్నది కాదు. ఒక సంగీత లోకమంతటినీ అది ఒక్క మాటలో తేల్చివేసినది. అసలు అక్కడ ఉన్నది, ఇది దానికి బదులు అని. బజారులో పేరున్న మిఠాయి దొరకనప్పుడు అదే రంగు కాగితములో చుట్టి సగము ధరకు అమ్మే బిళ్ళ ఒకటి ఉంటుంది గదా. ఆ స్థానమును క్రైస్తవ గాయకునికి ఇచ్చినది అతని శత్రువులు కారు, అతని సరుకు అమ్మిన అంగడివారే.

ఈ పట్టిక ఎవరి కొరకు వ్రాయబడినది? పిల్లవాని కొరకు కాదు. వానికి ఏది ఏమిటో ఏ పట్టికా అవసరము లేకుండానే తెలుసు. అది తల్లిదండ్రుల కొరకు. డబ్బు తల్లిది, చెవి కుమారునిది. ఆమె కోరిన గుణములు చెడ్డ మాటలు లేకపోవడం, హాని చేయకపోవడం. అంటే ఆమె లేనివాటిని కొన్నది. వాడు వినవలసినది మాత్రము ఉన్నదానిని. ఈ సంగీతమును గూర్చి సామాన్యులు చెప్పిన మాటలు ఒకదానికొకటి పొసగకపోవడానికి ముఖ్య కారణము ఇదేనని మేము తలుస్తాము. ఒకరు హాయిగా ఉన్నదన్నారు, ఒకరు చప్పగా ఉన్నదన్నారు. ఇద్దరూ నిజమే చెప్పారు. ఒకరు పొట్లము పైన వ్రాసినది చదివి చెప్పారు, మరొకరు నోటిలో వేసుకొని చెప్పారు.

మూడవ మాట కూడా ఒకటి ఉన్నది, మనకు అన్నిటికంటె ముఖ్యమైనది అదే. నాకు అంతగా నచ్చలేదు గాని, ప్రభువు కొరకు పాడుతున్నారు గదా, తప్పు పట్టకూడదు అన్నది. వినడానికి వినయముగా ఉన్న ఈ మాటలో ఒక చిక్కు ఉన్నది. నచ్చలేదన్న సంగతి నిజము. దానిని వెంటనే మ్రింగివేయడం భక్తి అని అతనికి ఎవరో నేర్పారు. నేర్పినది ఎవరో వేరే చెప్పనక్కరలేదు, మనమే.

మిఠాయిని గూర్చి ఇట్లు మాట్లాడినవాడు లేడు

అమెరికాలో నెక్కో వేఫర్స్ అనే బిళ్ళలు ఉన్నాయి. 1847లో ఆలివర్ చేజ్ అనే బోస్టను నివాసి బిళ్ళలు కోసే యంత్రము చేసినప్పటి నుండి వాటి చరిత్ర మొదలవుతుంది. రంగురంగుల పలుచని గుండ్రని బిళ్ళలు, చాలా చవక. అవి బడిలో వాడే సుద్దముక్కలవలె ఉంటాయని తరతరాలుగా జనులు ఎగతాళి చేస్తూనే ఉన్నారు, తింటూనే ఉన్నారు. 2009లో ఆ సంస్థ కృత్రిమమైన రంగులు, రుచులు తీసివేసి ప్రకృతి సిద్ధమైనవి వేసినది. ఆరోగ్యము దృష్ట్యా అది మేలే. కాని తినేవారు ఊరుకోలేదు, ఇది మా బిళ్ళ కాదని ఫిర్యాదు చేశారు. 2011లో సంస్థ పాత పద్ధతికే తిరిగి వచ్చినది. 2018లో ఆ కర్మాగారము మూతపడబోతున్నదని తెలిసినప్పుడు జనము ఎగబడి పెట్టెలు పెట్టెలుగా కొన్నారు. ఆ ఏడాది జూలైలో అది మూతపడినది. మరొక మిఠాయి సంస్థ ఆ హక్కులు కొని 2020లో బిళ్ళలను తిరిగి అంగళ్ళకు తెచ్చినది.

ఈ కథలో మేము గమనించినది ఆ జనుల నిర్భయత్వము. సుద్దముక్క అన్నారు, నాకిష్టమన్నారు, రెండూ ఒకే నోటితో అన్నారు. మా నాయనమ్మ చేతి సంచిలో ఇవి ఉండేవి, అందుకే తింటాను అన్నవాడు తన ప్రేమకు కారణము రుచి కాదని దాచుకోలేదు. బాగులేదు అన్నందుకు ఎవరూ అతని విశ్వాసమును శంకించలేదు. బాగున్నది అన్నందుకు ఎవరూ అతనిని భక్తుడని మెచ్చుకోలేదు. కనుకనే అతని మాటకు బరువు ఉన్నది, తయారు చేసినవాడు ఆ మాట విని తన పద్ధతి మార్చుకొన్నాడు.

టెస్టమింట్స్ విషయము తీసుకొందాము. ఆ బిళ్ళ పుదీనా బిళ్ళయే. పుదీనాకు మారుమనస్సు లేదు. వచనము కాగితము మీద ఉన్నది, ఆ కాగితమును బిళ్ళ నోటిలో పడగానే చెత్తబుట్టలో వేస్తారు. దేవుని వాక్యము అచ్చువేసిన కాగితమును పారవేయడానికే తయారు చేయడం మాకు కొంత బాధ కలిగించే విషయము. అయితే ఆ కాగితము చదివి ఎవడైనను ఆలోచనలో పడి ఉండవచ్చునని కూడా ఒప్పుకొంటాము. ఇక్కడ గమనించవలసినది, తిన్నవాడు ఈ రెంటిని కలిపి చూడలేదు. బిళ్ళ బాగులేకపోతే బాగులేదన్నాడు, వచనము మంచిదన్నాడు. అతని నాలుక వచనము ముందు మౌనము వహించలేదు.

క్రిస్మసు దినములలో అమ్మే చేతికర్ర ఆకారపు మిఠాయి సంగతి ఇంకొక రకము. దానిని తలక్రిందులు చేస్తే యేసు నామములోని మొదటి ఇంగ్లీషు అక్షరము అవుతుందనీ, తెలుపు పరిశుద్ధతకు, ఎరుపు ఆయన రక్తమునకు గురుతులనీ, ఒక భక్తుడైన మిఠాయి వర్తకుడు సాక్ష్యార్థము దానిని రూపొందించాడనీ ఒక కథ ప్రచారములో ఉన్నది. మన నగర సంఘాలలో కూడా క్రిస్మసు ప్రసంగములలో ఇది వినబడుచున్నది. దీనికి చారిత్రక ఆధారము లేదు. పాత క్రిస్మసు కార్డులలో ఆ మిఠాయి తెల్లగానే కనబడుతుంది; ఎర్ర చారలు ఇరవయ్యవ శతాబ్దములో వచ్చినవి. అర్థము తరువాత అతికించబడినది. 1670లో కొలోను మహాదేవాలయపు గాయకబృంద నాయకుడు ఆరాధనలో అల్లరి చేసే పిల్లలను ఊరుకోబెట్టడానికి వంగిన చక్కెర కర్రలు ఇచ్చాడన్న కథకూ ఆధారము లేదు. గురుతుగా వాడుకోవడములో మాకు అభ్యంతరము లేదు. జరిగినదని చెప్పడములో ఉన్నది. బల్ల దగ్గర నిలబడి బిళ్ళను గూర్చి అబద్ధము చెప్పినవాని మాటను, ఖాళీ సమాధిని గూర్చి చెప్పినప్పుడు యువకులు ఎందుకు నమ్మవలెను?

నిజమైన కథ కావలెనంటే ఒకటి ఉన్నది. గ్రెగరీ కెల్లర్ అనే కతోలిక గురువు, జార్జియా రాష్ట్రములోని ఆల్బనీలో తన బావగారి మిఠాయి కర్మాగారములో వంపు తిప్పేటప్పుడు కర్రలు విరిగి నష్టము కలుగుతుండగా, వాటిని యంత్రముతో తయారు చేసే ఉపాయము కనిపెట్టాడు. అందులో రహస్యార్థములేమీ లేవు. ఒక గురువు తన బంధువుల పనిలో కనబడిన కష్టమును తొలగించాడు. మా దృష్టిలో అది ప్రసంగమునకు ఎక్కువ తగినది.

పాటకు చుట్టుకాగితము లేదు

క్రైస్తవ రాక్‌ను సమర్థించేవారు తరచుగా చెప్పే వాదన: రాగము ఏదైనా ఒకటే, మాటలే ముఖ్యము. ఇది పాటను టెస్టమింట్స్ పొట్లముగా చూడడమే. మిఠాయి విషయములో ఈ విభజన చెల్లుతుంది, ఎందుకనగా అక్కడ కాగితమును విప్పగలము. పాటలో మాటను విప్పి పక్కన పెట్టలేము. తాళము వేగము, గొంతులోని బాధ, వాద్యముల గట్టిదనము మాటతో కలిసి చెవిలో పడతాయి. పశ్చాత్తాపపు మాటలను విజయోత్సాహపు బాణీలో పాడితే వినేవాడు వినేది ఉత్సాహమునే.

ఈ సంగతి తెలుగు క్రైస్తవులకు క్రొత్తగా నేర్పనక్కరలేదు. పురుషోత్తమ చౌధరి (1803-1890) తన కీర్తనలకు ఈ దేశపు రాగతాళములను తీసుకొన్నప్పుడు వాటిని ఖాళీ సీసాలుగా తీసుకోలేదు. ఏ భావమునకు ఏ రాగమో ఎరిగి ఎన్నుకొన్నాడు. అందుకే ఆ కీర్తనలు ముద్రణలో చదివినదానికంటె పాడినప్పుడు ఎక్కువ అర్థమిస్తాయి. అప్పు తెచ్చుకోవడం తప్పు కాదు. తెచ్చినది ఎట్టిదో రుచి చూడకుండా తేవడమే తప్పు.

దీనికి ఎదురు తప్పు కూడా ఉన్నది. 1991లో ఏమీ గ్రాంట్ పాటను తప్పుపట్టినవారిలో అనేకులు దాని సంగీతమును విని తప్పుపట్టలేదు. అందులో ప్రభువు నామము లేదని తప్పుపట్టారు. అనగా చుట్టుకాగితము మీద ముద్ర కనబడలేదు. అట్లయితే పరమగీతములోను, ఎస్తేరు గ్రంథములోను దేవుని నామమును వెదకుతూ వారు ఎంత కష్టపడవలెనో!

మాకు స్వయముగా స్ట్రైపర్ బృందపు ధ్వని చెవికెక్కలేదు. అయినా ఒక మాట చెప్పక తప్పదు: వారిని విన్నవారు వారి గిటారు వాదనను ఇతర బృందాలతో సూటిగా పోల్చి మాట్లాడారు. వారి 1986 ఆల్బము అమెరికాలో పది లక్షలకు పైగా అమ్ముడుపోయినది. ఆ కొన్నవారందరూ భక్తి కొరకే కొన్నారనుకోవడం కష్టము. లారీ నార్మన్ 1972 ఆల్బమును అమెరికా పార్లమెంటు గ్రంథాలయము 2014లో తన జాతీయ శబ్దగ్రంథాల జాబితాలో చేర్చినప్పుడు కూడా అది బదులుగా చేరలేదు, తన స్వంత పేరుతోనే చేరినది.

అంగడిని గూర్చి అపొస్తలుడు

1 కొరింథీ 10:25లో పౌలు మాంసపు అంగడిని గూర్చి వ్రాస్తూ, అక్కడ అమ్మేది ఏదైనా మనస్సాక్షి నిమిత్తము ప్రశ్నలు వేయకుండా తినవచ్చునంటాడు. భూమియు దాని పరిపూర్ణతయు ప్రభువువి అన్నది ఆయన చూపిన ఆధారము. పుట్టుక ఎక్కడిదని ఆరా తీయడం విశ్వాసి మొదటి పని కాదు. రాక్ వాద్యములు ఎవరి చేతులనుండి వచ్చినవని పుస్తకాలు నింపిన విమర్శకులు ఈ వచనము దగ్గర ఎక్కువసేపు ఆగలేదు.

అదే అపొస్తలుడు 2 కొరింథీ 2:17లో వేరొక అంగడివానిని ఖండిస్తున్నాడు. అక్కడి గ్రీకు క్రియకు మూలము 'కపేలోస్' అనే మాట, అంటే చిల్లర వర్తకుడు. ముఖ్యముగా ద్రాక్షారసము అమ్మేవాడు. యెషయా 1:22 గ్రీకు అనువాదములో ద్రాక్షారసములో నీళ్ళు కలిపే వర్తకులకు ఇదే మాట వాడబడినది. మన తెలుగు అనువాదకులు కలపడం, చెరపడం అనే భావములు రెండిటినీ చేర్చి దానిని చక్కగా పట్టుకొన్నారు. అయితే నీళ్ళు కలిసినవని ముందు ఎవరు కనిపెడతారు? ద్రాక్షతోటవాడు కాదు, అంగడివాడు అసలే కాదు. త్రాగినవాడు కనిపెడతాడు. అతని నాలుకను నమ్మవద్దని మనము నేర్పితే, కల్తీ పట్టుకొనే ఒక్క సాక్షిని మనమే నోరు మూయించినట్లు.

నాలుకకు హద్దులు ఉన్నవని లేఖనము ఎరుగును. తేనె మితిమీరి తింటే కక్కుకొంటారని సామెతలు 25:16 హెచ్చరిస్తుంది. ప్రకటన 10లో యోహాను తిన్న చిన్న పుస్తకము నోటికి మధురము, కడుపుకు చేదు. యెహెజ్కేలు 33:32లోనైతే జనులు ప్రవక్తను మంచి గాయకుని విన్నట్టు వింటారు, చేయడం మాత్రము చేయరు. ఇక్కడ పాట బాగులేదన్న ఫిర్యాదు లేదు. పాట బాగుండడమే ఆపద అయినది. కనుక రుచి అంతిమ న్యాయాధిపతి అని మేము అనడం లేదు. సాక్షిగా పిలవవలసినదే అంటున్నాము.

వెల తీసివేస్తే

1980లో కీత్ గ్రీన్ అనే గాయకుడు ఒక సాహసము చేశాడు. తన సంస్థతో ఉన్న ఒప్పందమునుండి విడుదల పొంది, ఇల్లు తాకట్టు పెట్టి ఆల్బము తయారు చేసి, ఎవరు ఎంత ఇచ్చుకోగలిగితే అంతకే ఇచ్చాడు. ఏమీ ఇవ్వలేనివారికి ఉచితముగా ఇచ్చాడు. యెషయా 55:1లోని పిలుపును అక్షరాలా పాటించజూచినవారిలో అతనిని లెక్కించవచ్చు. 1982 జూలైలో విమాన ప్రమాదములో అతడు మరణించాడు.

అప్పటికే పేరున్నవాడు గనుక అతనికి చెల్లినది, క్రొత్తవారికి చెల్లదు అన్న ఆక్షేపణలో న్యాయమున్నది. అయినా అతడు చేసినదానివలన కొనేవాని మాట మారినది. డబ్బుకు తగినదా అన్న ప్రశ్న పోయినది. మిగిలినది, ఇది నిజమా అన్న ప్రశ్న. ఉచితముగా వచ్చిన దానిని బాగులేదనడానికి మొగమాటము ఎక్కువ అని కొందరంటారు. మా పరిచర్యలో చూచినంతవరకు అది అన్నివేళలా నిజము కాదు. ఉచితముగా పంచిన కరపత్రమును గూర్చి జనులు చాలా నిక్కచ్చిగానే మాట్లాడతారు.

పరిశ్రమ మాత్రము ఆ దారిన పోలేదు. 1992లో గ్రీన్ పాడిన స్పారో సంస్థనే ఈఎంఐ కొన్నది. 1997 అక్టోబరు 31న, సంస్కరణ దినమున, స్టీవ్ క్యాంప్ అనే గాయకుడు ఈ పరిశ్రమకు విరోధముగా 107 సిద్ధాంతములు ప్రకటించి, లోకసంస్థల చేతులలోనుండి బయటికి రమ్మని పిలిచాడు. పిలుపు విన్నవారు కొద్దిమంది. ఇక పట్టికలు వ్రేలాడిన ఆ అంగళ్ళ సంగతి: ఫ్యామిలీ క్రిస్టియన్ సంస్థ 2017లో తన 240 అంగళ్ళను, లైఫ్‌వే సంస్థ 2019లో తన 170 అంగళ్ళను మూసివేయుచున్నామని ప్రకటించినవి. ఇంటిలో కూర్చుండి తెప్పించుకొనే వ్యాపారము, ఫోనులో వినే పాట వాటిని దెబ్బతీసినవి. ఇప్పుడు పిల్లవానికి తల్లి చేతి డబ్బు అవసరము లేదు, తిన్నవాడే ఎన్నుకొంటున్నాడు.

మన సంఘములలో ఈ ప్రశ్న

మన సంఘములలోను గిటారు, డ్రమ్ములు, కీబోర్డు వచ్చి చాలా కాలమైనది. క్రొత్త పాటల వరద వస్తున్నది. యౌవనస్థుడొకడు ఆరాధన తరువాత వచ్చి, అయ్యగారూ, ఈ పాట బాగులేదండీ అంటే మనము చెప్పే జవాబు చాలా చోట్ల ఒకటే: దేవుని పాటకు వంక పెట్టకూడదు, బాబూ. అతడు దేవునికి వంక పెట్టలేదు. సాహిత్యము పొసగలేదనో, సినిమా బాణీ మీద వచనములు అతికించారనో చెప్పవచ్చాడు. నోరు మూయించబడిన యౌవనస్థుడు పాటను మెచ్చుకోవడం నేర్చుకోడు. మెచ్చుకొన్నట్టు కనబడటం నేర్చుకొంటాడు. ఆ విద్య పాటలతో ఆగదు. ప్రసంగము విషయములోను, ప్రార్థన విషయములోను, తుదకు తన సాక్ష్యము విషయములోను అక్కరకు వస్తుంది.

నాసిరకపు పాట వలన మేలు కలగదని మేము అనడం లేదు. రెండు పంక్తులే తిరిగి తిరిగి వచ్చే పాటతో మరణశయ్య మీద ఆదరణ పొందినవారిని ప్రతి కాపరీ చూచి ఉంటాడు. నాయనమ్మ సంచిలోని బిళ్ళను ప్రేమించినవానివలె, ఈ పాట అంత గొప్పది కాదు, అయినా నాకు ప్రాణము అని విశ్వాసి చెప్పగలిగితే అది చాలా ఆరోగ్యకరమైన మాట. అట్లు చెప్పడానికి మన మధ్య చోటు ఉన్నదా అన్నదే సమస్య.

సెలవుల బైబిలు బడి (వీబీఎస్) సంగతి ఒకటి మిగిలినది. అక్కడ పాటా మిఠాయీ మరల ఒకే చేతిలో ఉంటాయి. వచనము అప్పజెప్పినవానికి చాక్లెట్ ఇస్తాము, అభినయగీతము నేర్పుతాము, చివరి దినమున తల్లిదండ్రుల ఎదుట పాడించి కార్యక్రమము బాగా జరిగినదని నివేదిక వ్రాస్తాము. ఆ నివేదికలో పిల్లల మాట ఉండదు. సెమినరీ విద్యార్థులు వేసవి పరిచర్యకు వెళ్ళేటప్పుడు, ఉపాధ్యాయులు దగ్గర లేని సమయములో, ఏ పాట నచ్చినది, ఏది నచ్చలేదు, ఎందుకని పిల్లలను విడివిడిగా అడిగి, వారు చెప్పినది వారి మాటలలోనే వ్రాసుకొని తేవలెనని కోరుతున్నాము. అడిగే ముందు చాక్లెట్ ఇవ్వవద్దు.